పక్కింటి బోస్నియా ఆవిడకీ మా అమ్మకీ షుగరు: ఒకరికొకరు తినిపించుకుంటున్నారు, ఏం చెయ్యను?

ఆఫ్టన్ అమ్మాయి (జూన్ 8)

నమస్కారమండీ అందరికీ. పోస్టు పొడుగైపోయింది, ఓపికున్నవాళ్ళే చదవండి.

మేం ఉండేది సెయింట్ లూయిస్‌లో, సౌత్ కౌంటీ వైపు ఆఫ్టన్‌లో. తెలుగువాళ్ళంతా చెస్టర్‌ఫీల్డ్ పక్కన చేరారు, ఇటు మా చుట్టూ అంతా బోస్నియావాళ్ళే. 1992లో వాళ్ళ దేశంలో యుద్ధం మొదలయ్యాక కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు. మొదట గ్రావోయ్ రోడ్డు మీద బెవో మిల్ దగ్గర పాత ఇటుక ఇళ్ళల్లో దిగారు, నాలుగు డబ్బులు కూడాక ఇటొచ్చి ఇళ్ళు కొనుక్కున్నారు.

మా పక్కింటావిడకి 67 ఏళ్ళు. సరయేవోలో దోబ్రిన్యా అనే పేట వాళ్ళది. మా పిల్లలు ఆవిణ్ణి "తేటా" అంటారు, మనం అత్తయ్యా పిన్నీ అన్నట్టు. (వాళ్ళ భాషలో బాబో అంటే నాన్న, నానా అంటే అమ్మమ్మ. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ పడీ పడీ నవ్వింది.) వాళ్ళాయన ట్రక్కు నడిపి రిటైరయ్యారు. రోజంతా గరాజ్‌లో కుర్చీ వేసుకుని సిగరెట్లు. వాళ్ళమ్మాయి మా ఆఫీసు దగ్గరే పనిచేస్తుంది, ఇద్దరం ఒక కారులో వెళ్తాం.

ఏప్రిల్‌లో కాకినాడ నుంచి మా అమ్మ వచ్చింది. అమ్మకి పదకొండేళ్ళుగా షుగరు, ఆరేళ్ళుగా బీపీ. ఇద్దరికీ ఒక్క ముక్క ఉమ్మడి భాష లేదు. మొదటిరోజే తేటా చక్కెర ముక్కల గిన్నె ముందు పెట్టింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టి "షుగరు, షుగరు" అంది. తేటా కళ్ళు పెద్దవి చేసుకుని, తన గుండె మీద చెయ్యేసుకుని "షెచెర్! ఈ యా!" అంది, అంటే నాకూ ఉంది అని. వాళ్ళూ మనలాగే రోగాన్ని చక్కెర పేరుతోనే పిలుస్తారట. తర్వాత జబ్బ చుట్టూ వేళ్ళతో పట్టీ బిగించినట్టు చూపించి "ప్రితిసాక్" అంది. అమ్మ "ఆఁ, బీపీ" అంది. అంతే, ఇద్దరూ ఇరవై ఏళ్ళ స్నేహితుల్లా కూర్చుని ఆ చక్కెర ముక్కలు చెరొకటి తీసుకున్నారు!

అప్పట్నుంచీ ఇదే వరస. పొద్దున పదింటికి కాఫీ. జెజ్వా అని పొడుగు కాడ ఉన్న చిన్న ఇత్తడి గిన్నెలో కాచి, చెవి లేని బుల్లి కప్పుల్లో పోస్తుంది. చక్కెర ముక్క కాఫీలో ముంచి, కొసంత కొరికి, ఆ తీపి మీద కాఫీ చప్పరించాలి. పక్కన గులాబీ వాసనొచ్చే రహత్ లోకుం, మెత్తటి మిఠాయి. రోజుకి మూడు సార్లు ఈ తంతు. వారానికి రెండుసార్లు "పితా" వస్తుంది. అది చెయ్యడం నేను చూశాను. డైనింగ్ బల్ల మీద పువ్వుల దుప్పటి పరిచి, మైదా ముద్దని చేతుల వెనకవైపుతో లాగుతూ లాగుతూ బల్లంతా పరుస్తుంది. కింద దుప్పటి మీద పువ్వులు కనపడాలి, అప్పటిదాకా ఆపదు. మన ఆత్రేయపురం పూతరేకు గుర్తొచ్చింది నాకు. దాని మీద నూనె చిలకరించి, కూరిక పెట్టి, పాములా చుట్టి, తెప్సియా అనే గుండ్రటి పళ్ళెంలో పెట్టి కాలుస్తుంది. మాంసం పెడితేనే బురెక్, జున్ను (మన తీపి జున్ను కాదు, చీజ్) పెడితే సిర్నిత్సా, పాలకూర అయితే జెల్యానిత్సా, బంగాళాదుంప అయితే క్రొంపిరుషా. జున్ను పెట్టినదాన్ని బురెక్ అన్నామో, అయిపోయాం.

ఇక మా అమ్మ సంగతి తెలిసిందే కదా. ఎవరింటి గిన్నెనైనా ఖాళీగా తిరిగివ్వడమే! గారెలు, బొబ్బట్లు, ఒకసారి ఏకంగా పాకం గారెలు. అక్కడా అదే మర్యాదట, అందుకని ఆ పళ్ళెం మళ్ళీ నిండుగా వస్తుంది. రెండు నెలల్నించి ఆ తెప్సియా ఒక్కసారి కూడా ఖాళీగా గోడ దాటలేదు.

పోయినవారం తేటా ఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 8.4 వచ్చింది. డాక్టరమ్మ ఒక మాత్ర పెంచి, ఒక తిండి కాగితం చేతిలో పెట్టింది. కినోవా, కేల్, అవకాడో, గ్రీక్ యోగర్ట్, గ్రిల్డ్ సాల్మన్. తేటా దాన్ని అయస్కాంతంతో ఫ్రిజ్‌కి అంటించి, కూతుర్ని పక్కకి పిలిచి "ఈ కినోవా ఎవరే?" అని అడిగిందట. అమ్మది ఇక్కడికొచ్చేముందు 7.1. ఇప్పుడెంతో చూపించుకోడానికి నాకే భయంగా ఉంది.

వాళ్ళమ్మాయి నన్ను అడుగుతోంది, "మా అమ్మ మీ అమ్మ మాట వింటుంది, నువ్వు చెప్పించు" అని. నాకేం తెలుసని చెప్పను? వాళ్ళ వంటల్లో ఏది ఫర్వాలేదో, ఏది ముంచుతుందో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఇంకోటి కూడా చెప్పాలి. ఆవిడ తినమని పెడితే వద్దనడం మామూలు విషయం కాదు. సరయేవోని 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు, చుట్టుముట్టి ఉంచారు. ఆవిడ ఆ రోజులన్నీ ఊళ్ళోనే ఉంది. కరెంటు లేదు, నీళ్ళకి బీరు ఫ్యాక్టరీ దగ్గర డబ్బాలతో వరస. సాయంగా వచ్చిన బియ్యం, మాకరోనీ, పాలపొడి, డబ్బాలో గొడ్డుమాంసం. గుట్టల మీద దురదగొండి లాంటి కొప్రివా ఆకు కోసుకొచ్చి వండుకునేవారట. 1994 నాటి ఫోటో ఒకటి చూపించింది, కోటు తగిలించిన కొయ్యలా ఉంది మనిషి. ఈ రోజుకీ రొట్టె ముక్క పారెయ్యదు. అమ్మ పులిహోర పంపితే ఒక్క చెంచా తిని, "చాలా బాగుంది" అని పక్కన పెట్టేసింది. తర్వాత వాళ్ళమ్మాయి చెప్పింది, ఆ నాలుగేళ్ళ తర్వాత తేటా బియ్యం కొననే కొనదని. పితాలో కూడా కూరికకి ఏమీ లేక అన్నమే పెట్టి చుట్టేవాళ్ళట అప్పుడు.

అలాంటి మనిషికి "తక్కువ తిను" అని నేనెలా చెప్పను?

ఉక్కునగరం (జూన్ 8)

అమ్మా, నీ పోస్టు చదివి నా జెనిత్సా రోజులు గుర్తొచ్చాయి. నేను విశాఖ ఉక్కులో చేసి, తర్వాత బోస్నియాలో జెనిత్సా ఉక్కు ఫ్యాక్టరీలో మూడేళ్ళు పనిచేశాను. సరయేవోకి గంట దూరం, బోస్నా నది ఒడ్డున. కాబట్టి వాళ్ళ కూడు నేను తిన్నాను, ఊరికే చెప్పడం లేదు.

నువ్వు చూస్తున్నది పండగ కూడమ్మా. రోజువారీ కూడు వేరే ఉంది. దాన్ని వాళ్ళు "యెలో నా కషికు" అంటారు, అంటే చెంచాతో తినే వంట. మా క్యాంటీన్లో పదకొండున్నరకి ఏముండేదనుకున్నావు? సోమవారం గ్రాహ్, అంటే చిక్కుడు గింజల పులుసులాంటిది. ఓ రోజు కాబేజీ, ఓ రోజు బఠాణీ, ఓ రోజు బురానియా అని పచ్చి బీన్సు కూర. వారంలో ఒకసారి మాంసం ముక్క పళ్ళెంలో పెద్దదిగా కనపడేది. మిగతా రోజులు అది కూరలో వాసనకే. చివర్లో నూనెలో పిండి వేయించి, ఎర్ర మిరపపొడి కలిపి చుయ్యిమనిపిస్తారు, జాప్ర్ష్కా అంటారు. మన తాలింపే అనుకో. నేను గొడ్డుమాంసం తినను కాబట్టి క్యాంటీనమ్మ నాకోసం గ్రాహ్ "బెజ్ మెసా", మాంసం లేకుండా, చిన్న గిన్నెలో విడిగా తీసి ఉంచేది. మొదటి వారం మాత్రం మాంసం వద్దంటే కోడి పెట్టింది. కోడి మాంసం కాదట!

బెండకాయ కూడా ఉందమ్మా వాళ్ళకి, బామియా అంటారు. చిటికెన వేలి గోరంత లేత కాయల్ని దారానికి గుచ్చి ఎండబెట్టి దండలు అమ్ముతారు. నిమ్మరసం పిండి వండితే జిగురు ఉండదు. మొక్కజొన్న పిండితో పురా అని చేస్తారు, అచ్చం మన సంకటే.

చేవాపి అంటావా, వేళ్ళలా చేసి కాల్చిన కీమా ముక్కలు, అది జీతాల రోజున. అయిదు ముక్కలదా పది ముక్కలదా అని అడిగేవాడు, సొమున్ రొట్టెలో పెట్టి పచ్చి ఉల్లిపాయ పక్కన పడేసేవాడు. మీ ఊళ్ళో మాంసం చవక, గ్రావోయ్ మీద దుకాణాలు బోలెడు. నెలకోసారి తినేది వారానికి నాలుగుసార్లు తింటే ఏమవుతుంది మరి.

ఇంకో సంగతి. మా ఇంటి ఓనరమ్మకి డెబ్భై దాటాయి. లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తు. పియాత్సా నుంచి, అంటే సంత నుంచి, కూరల సంచులు రెండు చేతుల్లో మోసుకుంటూ ఎక్కేది. సాయంత్రం అయితే ముసలీముతకా అంతా బజారు వీధిలో అటూ ఇటూ షికారు. మీ తేటా సరయేవోలో గుట్టలెక్కిన మనిషి, ఇప్పుడు గరాజ్ నుంచి కారు, కారు నుంచి సోఫా.

కినోవా కాగితం పక్కన పెట్టి, ఆవిణ్ణి ఒక్క మాట అడుగు: మీ నానా మామూలు రోజుల్లో ఏం వండేది? అడిగి ఊరుకో. మిగతాది ఆవిడే చెప్తుంది.

(కిటికీలు రెండూ ఒకేసారి తెరవద్దు వాళ్ళింట్లో. ఎదురుగాలి తగిలితే సర్వరోగాలూ వస్తాయని వాళ్ళ నమ్మకం, ప్రొమాయా అంటారు. నాకు ఆఫీసులో రెండు వేసవులు ఉడుకులోనే గడిచాయి దానివల్ల. సిగరెట్ పొగ మాత్రం ఏమీ చెయ్యదట!)

ఊరికే చదివేవాడు (జూన్ 9)

బోస్నియావాళ్ళ సంగతి తర్వాత. మీ అమ్మగారి పాకం గారెల సంగతేంటి? మనింటి కుండకి చిల్లుపెట్టుకుని పక్కింటి కుండ కారుతోందని ఏడ్చినట్టుంది.

ఆఫ్టన్ అమ్మాయి (జూన్ 9)

నిజమేనండీ, తప్పు ఒప్పుకుంటున్నా. కానీ మా అమ్మకి మీరొచ్చి చెప్పండి, టికెట్ నేను కొంటాను.

ఉక్కునగరం గారూ, మీరు చెప్పింది చదివి నోట మాట రాలేదు. రేపే అడుగుతాను.

పథ్యం పంతులమ్మ (జూన్ 10)

అక్కా, నేను హైదరాబాద్‌లో డైటీషియన్‌ని. బోస్నియా ఎప్పుడూ పోలేదు, కానీ మీరు చెప్పిన తిండిని బట్టి నాకు తోచింది చెప్తా.

అందరూ చక్కెర వెంట పడతరు గానీ, మీ తేటా విషయంలో నాకు ముందు భయం ఉప్పు. ఆమె వంటింట్ల నీలం రంగు ప్యాకెట్ ఉంటది చూడండి, మీద వంటవాడి బొమ్మ, వెగెతా అని. బాల్కన్ దేశాలల్ల ఏ కూరలోనైనా చెంచాడు పడాల్సిందే. ఎండిన కూరగాయల పొడి అనుకుంటరు, దాంట్ల సగానికి పైగా ఉప్పే. దాని మీద పొగబెట్టి ఎండబెట్టిన మాంసం, ఉప్పునీళ్ళల్ల ఊరబెట్టిన జున్ను, కాబేజీ ఊరగాయ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటది, అంటే ఒక టీస్పూను. ఆమె మధ్యాహ్నానికే దాటేస్తది. బోస్నియాలో ఎక్కువ మందిని తీసుకుపోయేది గుండె, రక్తనాళాల జబ్బులే. సిగరెట్లు తాగేటోళ్ళు కూడా యూరప్‌ల బాగా ఎక్కువున్న దేశాలల్ల అదొకటి. అందుకని ఆమె బీపీ పట్టుకుంటే సగం పని అయినట్టే. కూతురికి చెప్పండి: క్యారెట్, పార్స్లీ, సెలెరీ దుంప ఓవెన్ల ఎండబెట్టి, మిక్సీల పొడి చేసి అదే ప్యాకెట్ల పోసిపెట్టమని. లో సోడియం ఉప్పు మాత్రం డాక్టర్‌ని అడగకుండా కొనొద్దు. దాంట్ల పొటాషియం ఉంటది. లిసినోప్రిల్, లోసార్టన్ లాంటి బీపీ మాత్రలు వాడేటోళ్ళకి, కిడ్నీ బాగలేనోళ్ళకి అది ప్రమాదం.

ఇగ కాఫీ. చక్కెర ముక్క ఒక్కటి నాలుగు గ్రాములు అనుకోండి. పూటకు రెండు, మూడు పూటలు, లోకుం కలుపుకుంటే రోజుకి ఏడెనిమిది చెంచాల చక్కెర ముచ్చట్లల్లనే పోతది. కాఫీ బంద్ చెయ్యమని చెప్పకండి, అది ఆమె సంసారం. ముక్కని కత్తితోని నాలుగు చేసి గిన్నెల పెట్టమనండి. ముంచి కొరికే అలవాటు ఉండనే ఉంటది. ఇంకోటి చాలామందికి తెల్వదు: కాచి వడగట్టకుండ తాగే కాఫీల కాఫెస్టాల్ అనే కొవ్వు పదార్థం ఉంటది, అది చెడు కొలెస్టరాల్ పెంచుతది. కాగితం ఫిల్టర్ల పోస్తే అది ఆగిపోతది. కొలెస్టరాల్ ఎక్కువుంటే రోజుల ఒక్క పూట జెజ్వా, మిగతావి ఫిల్టర్ అనండి.

పితా గురించి. మైదా, నూనె, జున్ను కలిసినయ్, బరువైన తిండే. కానీ నాకు జెల్యానిత్సా మీద కోపం లేదు. పాలకూర రెండింతలు, జున్ను సగం. నూనె చేత్తో చిలకరించే బదులు కుంచెతోని రాయమనండి. దాంతో పాటు పుల్ల మజ్జిగ తాగుతరు కదా వాళ్ళు, అది ఉండనివ్వండి. పితాతో పాటు మళ్ళీ రొట్టె మాత్రం వద్దు. నవ్వకండి, మనం పూరీతో పాటు అన్నం తినమా?

గ్రాహ్ బంగారం. చిక్కుడు గింజల పీచు, ప్రోటీన్ ఉంటయి, చక్కెర మెల్లగ ఎక్కుతది. ఎండుమాంసం ముక్క ఒక్కటే వేసి, ఉడికినాక తీసేస్తే సరి.

ఒక హెచ్చరిక. డాక్టర్ మాత్ర పెంచిందన్నరు. అది గ్లిపిజైడ్ లాంటిదైతే, లేకపోతే ఇన్సులిన్ అయితే, తిండి ఒక్కసారిగా తగ్గించినా షుగరు బాగా దిగి కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంటది. ఏ మాత్రో కనుక్కోండి, తిండి మారుస్తున్నట్టు క్లినిక్‌కి ముందే చెప్పించండి. ఆమె రోజా ఉంటదా? ఉంటే రంజాన్‌కి రెండు నెలల ముందే డాక్టర్‌ని కలవాలె, మాత్రల వేళలు మార్చాల్సి వస్తది.

చివరిది, మీరు అడగలేదు గానీ చెప్తున్న. వాళ్ళమ్మాయి ఎప్పుడు పుట్టింది? రెండో ప్రపంచయుద్ధంల 1944-45 చలికాలం నెదర్లాండ్స్‌ల కరువొచ్చింది. అప్పుడు తల్లి కడుపుల ఉన్న పిల్లలకు పెద్దయినంక షుగరు ముప్పు ఎక్కువున్నదని తర్వాత పరీక్షించి చూసిన్రు. తల్లికి షుగరు, పైగా ముట్టడిల కడుపుల పడ్డ పిల్ల అయితే ఆమె కూడా ఇప్పుడే పరీక్ష చేయించుకోవాలె.

ఆఫ్టన్ అమ్మాయి (జూన్ 14)

పంతులమ్మ గారూ, మీ ఆఖరి పేరా చదివి కారులో కూర్చుని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆ అమ్మాయి పుట్టింది 1993 డిసెంబరులో. దోబ్రిన్యా దగ్గర విమానాశ్రయం కింద తవ్విన సొరంగం ఆ వేసవిలోనే తెరిచారట, దాంట్లోంచి ఎవరో తెచ్చిన నాలుగు గుడ్లు వాళ్ళమ్మ గర్భంతో ఉన్నప్పుడు తిన్నదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను మెల్లగా విషయం చెప్తే ఆ పిల్ల నవ్వి, "ఆ నాలుగు గుడ్లూ నావే" అంది. పరీక్షకి వచ్చేవారం వెళ్తోంది.

ఆదివారం అడిగాను తేటాని, ఉక్కునగరం గారు చెప్పినట్టే. కూతురు తర్జుమా చేసింది. "మీ నానా మామూలు రోజుల్లో ఏం వండేది?" అంతే. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి వంటింటి బీరువాలోంచి ఒక గుడ్డ సంచి తెచ్చింది. దాన్లో బామియా దండ! రుద్రాక్షల్లా ఉన్నాయి ఒక్కొక్కటీ, బూడిదరంగు ఆకుపచ్చ. నిరుడు సరయేవో వెళ్ళినప్పుడు తెచ్చుకుని, తినేవాళ్ళెవరూ లేరని దాచేసిందట. ఆయనకి రోజూ మాంసం ఉండాలి, మనవళ్ళకి పిజ్జా.

మా అమ్మ ఆ దండ చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "బెండకాయే! ఇంత చిన్నవి ఎందుకు కోశారు, పెరగనివ్వకుండా" అంది. అది తర్జుమా చెయ్యలేదు మేము.

తేటా వాళ్ళ నానా పల్లెటూళ్ళో ఉండేదట. పొద్దున పురా, పుల్ల మజ్జిగ. మధ్యాహ్నం గ్రాహ్ గానీ ఆకుకూర గానీ. మాంసం కుర్బాన్ పండక్కి (బక్రీద్), ఎవరైనా చుట్టాలొస్తే. బక్లావా, అంటే పాకంలో నానిన పొరల మిఠాయి, బైరాంకి (ఈద్‌కి) మాత్రమే. ఇది చెప్తూ చెప్తూ ఆవిడే ఆగి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఈ నెలలో ఎన్నిసార్లు బక్లావా చేసిందో. మేం ఎవరం ఏమీ అనలేదండీ.

ఉక్కునగరం (జూన్ 14)

అదీ! నేను చెప్పలా? ఆ దండ వండేముందు నీళ్ళల్లో నిమ్మకాయ పిండి ఓ పొంగు రానిచ్చి, దారంతో పాటే తీసి వార్చమను. దారం తర్వాత లాగెయ్యాలి. మా ఓనరమ్మ అలాగే చేసేది.

ఆయన సిగరెట్ల సంగతి ఎవరూ మాట్లాడరేం?

పథ్యం పంతులమ్మ (జూన్ 15)

మాట్లాడాలె. ఇంట్ల షుగరు, బీపీ ఉన్న మనిషి పక్కన పొగ ఉంటే అది ఆమె నాళాలకు కూడా చెడ్డదే. కానీ ఒకేసారి అన్నీ మొదలు పెడితే ఆ ఇంటోళ్ళు మీకు తలుపు తియ్యరు. ముందు గరాజ్ నుంచి లోపలికి రాకుండ చూడండి చాలు.

మీ అమ్మగారి గ్లూకోమీటర్ రీడింగులు కూడా పెట్టండి అక్కా, దాటేయకండి.

ఆఫ్టన్ అమ్మాయి (ఆగస్టు 23)

చాలా రోజులైంది, మన్నించండి. ఎవరైనా ఇంకా చదువుతుంటే వాళ్ళకోసం రాస్తున్నా.

ముందు చెడ్డవార్త. వెగెతా పన్నాగం మొదటిరోజే దొరికిపోయింది. తేటా ఒక్క చిటికె నాలిక మీద వేసుకుని కూతురివైపు చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను. ఇప్పుడు రాజీ ఏమిటంటే, కుండకి చెంచాడు వేసేది అర చెంచా వేస్తోంది. మిగతా సగం ఇంటిపొడి. ఎండుమాంసం ఆయన పళ్ళెంలోకి మాత్రమే.

చక్కెర ముక్కలు నాలుగు చెయ్యబోతే పొడైపోయాయి, రెండే చేస్తున్నాం. అమ్మ మాత్రం చక్కెర మానేసి, ముక్క ముంచినట్టు నటించి ఉత్త కాఫీ చప్పరిస్తోంది. తేటాకి తెలుసనే నా అనుమానం, పైకి ఏమీ అనదు.

నడక సంగతి వేరే కథ. గ్రాంట్స్ ఫార్మ్ వైపు వెళ్ళే పాత రైలుదారి మీద ఇప్పుడు నడకబాట వేశారు. సాయంత్రం ఏడింటికి ఇద్దరూ బయల్దేరతారు, ఒకరు జరీ అంచు చీర, స్నీకర్లు. ఇంకొకరు పొడుగు గౌను, స్నీకర్లు. ఇద్దరూ తమ తమ భాషల్లో ఆగకుండా మాట్లాడుకుంటూ వెళ్తారు. ఏం మాట్లాడుకుంటారని అమ్మని అడిగితే "కోడళ్ళ గురించి" అంది. ఆవిడకి కోడలే లేదు!

మాత్ర గ్లిపిజైడే. పంతులమ్మ గారు చెప్పినట్టు క్లినిక్‌కి ముందే చెప్పించడం మంచిదైంది. ఒకరోజు నడకలో తేటాకి చెమటలు పట్టి కాళ్ళు తేలిపోయాయి, మీటర్లో 62. అమ్మ కొంగున కట్టుకున్న బెల్లం ముక్క నోట్లో పెట్టింది. తర్వాత డాక్టరమ్మ ఆ మాత్ర తగ్గించింది. పోయినవారం ఏ1సీ 7.6. అమ్మది, దాటెయ్యకుండా చెప్తున్నా, 7.3. పాకం గారెలు బందు. వాళ్ళమ్మాయిది 5.8, అంచు మీద ఉందన్నారు, ఆర్నెల్లకోసారి చూపించుకోమన్నారు.

ఆయన సిగరెట్లు అలాగే ఉన్నాయి. గరాజ్ తలుపు మాత్రం ఇంటివైపు మూసి ఉంటోంది, ఎదురుగాలి వస్తుందని తేటాయే మూసేసింది. ప్రొమాయా ఒక్కసారైనా పనికొచ్చిందండీ ఉక్కునగరం గారూ.

సెప్టెంబరు 30న అమ్మ ప్రయాణం. తేటా బామియా రెండో దండ అమ్మ సూట్‌కేసులో పెట్టమని ఇచ్చింది. కస్టమ్స్ వాళ్ళు ఏమంటారో తెలీదు గానీ అమ్మ దాన్ని పట్టుచీర మడతలో దోపేసింది, చింతపండు పులుసు పెడుతుందట. బదులుగా ఏమివ్వాలా అని మూడు రోజులుగా ఆలోచిస్తోంది. తెప్సియా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, కడిగి పొయ్యి పక్కన బోర్లించి. స్వీటు కాదు, వేపుడు కాదు, బియ్యం అసలే కాదు. పెసరట్లు అయితే ఎలా ఉంటుందండీ, అల్లం దట్టించి, ఉప్పు తగ్గించి? పెసలు ఆవిడెప్పుడూ చూసినట్టు లేదు. చల్లారితే గట్టిపడతాయేమోనని నా భయం. పెసరట్టు చల్లారినా మెత్తగా ఉండే కిటుకు ఎవరికైనా తెలిస్తే ఆదివారం లోపు చెప్పండి.